సందేహాలకు జేబులో ఒక పుస్తకం

పనిలో ఉండగా వచ్చిన సందేహం ఇంటికి చేరేసరికి గుర్తుండదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్ల మోటార్లు బాగుచేసే నాకు చాలా ఏళ్లు ఇలాగే జరిగింది.

ఇప్పుడు చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకం, ఒక పెన్సిల్ ఉంచుకుంటున్నాను. పెన్సిల్ అయితే చెమటకు, తడికి అక్షరం చెదరదు. సందేహం రాగానే తేదీ వేసి ఎడమ పేజీలో ఒక్క వాక్యం రాయాలి, కుడి పేజీ ఖాళీగా వదలాలి. ఆదివారం 10 నిమిషాలు కూర్చుని ఒక్కటి ఎంచుకుని, ఆ వారంలో పని తెలిసిన మనిషిని అడగాలి. జవాబు కుడి వైపు రాసుకోవాలి.

నా మొదటి ప్రశ్న, మోటారు ఆగితే తెల్లవారుజామునే రైతులకు అంత కంగారు ఎందుకని. చెరువు గట్టు మీద కాపలా ఉండే ఒక పెద్దాయన విడమరిచి చెప్పారు. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఆ నాచు, రొయ్యలు రెండూ దాన్ని వాడుకుంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు అది బాగా తగ్గిపోతుంది. అప్పటి నుంచి బేరింగులు, వైర్లు సాయంత్రం 4 గంటలకే చూసి వస్తున్నాను. అర్ధరాత్రి పరుగులు తగ్గాయి, చెరువు మీద ఇష్టమూ పెరిగింది.

ఒక జాగ్రత్త. రోజుకు రెండు ప్రశ్నలు మించితే అవి పేరుకుపోయి పుస్తకం తెరవబుద్ధి కాదు. చెరువులో రొయ్యలు పట్టే పట్టుబడి రోజున మాత్రం ఎవరినీ అడగవద్దు, ఆ హడావిడిలో సరైన జవాబు రాదు.