యూరోపియన్ రిథమిక్ జిమ్నాస్టిక్స్ మొదటిసారి చూస్తున్నారా, ఇలా మొదలుపెట్టండి

రిథమిక్ జిమ్నాస్టిక్స్ అనగానే రిబ్బన్ తిప్పుతూ డాన్స్ చేయడమేగా అంటారు చాలామంది, నాకైతే ఆ మాట వింటే బాధేస్తుంది. ఎలా చూడాలో తెలిస్తే ఎవరూ అలా అనరు.

రిబ్బన్‌తో మొదలుపెట్టకండి, బాల్ ఐటెం ఒకటి పెట్టుకోండి. మహా అయితే నిమిషంన్నర, కాబట్టి రెండుసార్లు చూడొచ్చు. మొదటిసారి కాళ్ళవైపు చూడొద్దు, బంతి మీదే కన్నుంచండి. దాన్ని వేళ్ళతో గట్టిగా పట్టుకుంటే తప్పు, అరచేతిలో ఊరికే ఆనుకుని ఉండాలి, చేతి మీదుగా దొర్లాలి. రెండోసారి విసిరినప్పుడు మనిషిని చూడండి, బంతి గాల్లో ఉండగానే కనీసం రెండుసార్లు ఒళ్ళు తిప్పి, ఒక్కోసారి బంతివైపు చూడకుండానే వీపు వెనక పట్టేస్తారు, నాకు ఇప్పటికీ ఊపిరి ఆగిపోతుంది అక్కడ.

స్కోర్ గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. ఆర్టిస్ట్రీకి (కళగా ఎలా ఉందో) పది, ఎగ్జిక్యూషన్‌కి (తప్పుల్లేకుండా చేశారో లేదో) పది, డిఫికల్టీకి (ఎంత కష్టమైనవి చేశారో) మాత్రం పైన హద్దు లేదు. చేతిలోది కిందపడితే అది ఎంత దూరం దొర్లిందో చూడండి, ఉన్నచోటే అందుకుంటే 0.5 పోతుంది, మూడడుగులు వెయ్యాల్సొస్తే ఏకంగా 1.0. రిబ్బన్ అయితే ముడి పడిందా అని చూడండి, ఆరు మీటర్ల పొడవు కదా, చాలామంది కొంప ముంచేది అదే.

ఇది అలవాటయ్యాక పాత వీడియోలకి వెళ్ళండి. యూరోపియన్ ఛాంపియన్‌షిప్ 1978లో మాడ్రిడ్‌లో మొదలైంది, సోవియట్ అమ్మాయి గలీనా షుగురోవా గెలిచింది, 1980లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బల్గేరియా ఇలియానా రాయెవా. తప్పకుండా చూడాల్సింది మాత్రం 1988 హెల్సింకి, అక్కడ బల్గేరియా అమ్మాయిలు దునావ్‌స్కా, కోలెవా, సోవియట్ అమ్మాయి టిమోషెంకో ముగ్గురికీ స్కోర్ సమానమై ముగ్గురికీ గోల్డ్ ఇచ్చారు, అప్పట్లో ఒక్కో ఐటెంకి స్కోరు పదితోనే ఆగిపోయేది మరి. ఆ రోజుల్లో తాడు కూడా ఉండేది, ఇప్పుడు సీనియర్ సింగిల్స్‌లో లేదు, నాకు దాని మీద బెంగ ఇంకా పోలేదు.

2000లో స్పెయిన్‌లోని జరాగోజాలో జరిగిన పోటీ గురించి కూడా తెలుసుకోవాలి. ఉక్రెయిన్ విత్రిచెంకోకి మరీ తక్కువ మార్కులేశారని గొడవై, చివరికి కొందరు జడ్జీల్ని సస్పెండ్ చేశారు. అందుకే స్కోర్ బోర్డు చూసేముందు మీ మనసులో మీరే ఒక మార్కు వేసుకోండి. 2025 టాలిన్‌లో ఉక్రెయిన్ అమ్మాయి తైసియా ఒనోఫ్రియ్‌చుక్ గెలిచింది, ఆ పోటీతో ప్రాక్టీస్ చెయ్యండి.

గ్రూప్ ఐటెంలు ఆఖరికి ఉంచుకోండి, 13 మీటర్ల కార్పెట్ మీద ఐదుగురు ఒకేసారి విసురుకుంటుంటే కొత్తవాళ్ళకి కళ్ళు ఎటు పెట్టాలో తెలీదు, విసిరే అమ్మాయిని వదిలేసి అందుకోబోయే అమ్మాయినే చూడండి.