మెనూ గీసే ముందు చీటీలు రాయండి

కొత్త వెబ్‌సైట్ పని వస్తే నేను వెంటనే కంప్యూటర్ తెరవను. ఒక కట్ట చీటీలు, పెన్సిలు పట్టుకుని కూర్చుంటాను. దెబ్బ తిన్నాక వచ్చిన అలవాటిది. ఒక శిక్షణ సంస్థకు సైట్ చేస్తూ, వాళ్ల ఆఫీసులో ఉన్న విభాగాలనే మెనూలో పెట్టేశాను: పరిపాలన, అకడమిక్, ఖాతాలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. వారం తిరక్కుండానే వాళ్లకు ఫోన్లు మొదలయ్యాయి, ఫీజు వివరాలు ఎక్కడున్నాయని. అవి 'ఖాతాలు' లోపల రెండో పేజీలో ఉన్నాయి. చేరాలనుకునేవాళ్లకు ఖాతాల విభాగంతో ఏం పని?

అందుకే ఇప్పుడు చీటీకొక ప్రశ్న రాస్తాను. యజమాని చెప్పేవి కాదు, అక్కడ ఫోన్ ఎత్తే మనిషిని అడిగి తెలుసుకున్నవి. జనం నిజంగా ఏం అడుగుతారో ఆ మనిషికే తెలుసు. ముప్పై నలభై చీటీలయ్యాక, సైట్‌తో సంబంధం లేని నలుగురైదుగురికి విడివిడిగా ఇచ్చి, కలిసి ఉండాల్సినవి కుప్పలు పెట్టమంటాను. కుప్పకు పేరు కూడా వాళ్లే పెట్టాలి. దీన్నే కార్డ్ సార్టింగ్ అంటారు. పక్కన కూర్చుని నోరు మెదపకుండా ఉండటమే ఇందులో కష్టం! ఎక్కువమంది ఒకేలా పేర్చినవి మెనూ అవుతాయి. ఏ చీటీనైనా తలా ఒక చోట పెట్టారంటే, ఆ పేజీకి రెండు చోట్ల నుంచి లింక్ ఇస్తాను.

ఏదైనా మూడు క్లిక్కుల్లో దొరకాలంటారు. నేను దాన్ని పట్టించుకోను. దారి సరైనదేనని తోస్తే జనం నాలుగోసారీ నొక్కుతారు. పేరు అర్థం కాకపోతే మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. 'వనరులు', 'పరిష్కారాలు' లాంటి పేర్లు కనిపిస్తే కొట్టేస్తాను.

లేఅవుట్‌ను, అంటే పేజీలో ఏది ఎక్కడ ఉండాలో, ముందు ఫోన్‌కే గీస్తాను, 320 పిక్సెల్స్ (తెరను కొలిచే చుక్కలు) వెడల్పులో, ఒకే నిలువు వరుసగా. అందరికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్నకు జవాబు పైన ఉంటుంది, పెద్ద బ్యానర్ ఫొటో ఉండదు. అక్షరాలు 16 పిక్సెల్స్‌కు తగ్గవు, బటన్ల ఎత్తూ వెడల్పూ 44 పిక్సెల్స్‌కు తగ్గవు. అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వెలుగులో తేడా, అంటే కాంట్రాస్ట్, కనీసం 4.5:1 ఉండాలి, లేత బూడిద రంగు అక్షరాలు ఇక్కడే ఫెయిలవుతాయి. తెలుగు సైట్ అయితే వరుసల మధ్య ఎడం ఇంకాస్త పెంచండి. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

రంగులు వేయకముందే ఆ పెన్సిలు బొమ్మలు ఎవరి ముందైనా పెట్టి, "ఫీజెంతో కనుక్కోండి" అని ఊరుకుంటాను. వేలు ఎక్కడ తడబడితే అక్కడ పేరు మారుస్తాను.

ఆ సంస్థ మెనూనీ ఇలాగే మార్చాను. ఫీజు కోసం ఫోన్లు తగ్గాయి. ఇప్పుడు తరగతుల వేళలు అడుగుతున్నారట. టైమ్‌టేబుల్‌ను ఫొటోగా పెట్టింది నేనే, ఫోన్‌లో ఒక్క అక్షరం కనపడదు. ఈ వారం దాన్ని టెక్స్ట్‌గా టైప్ చేయాలి.