తడి ఇసుకా, పొడి నేలా? మెటల్ డిటెక్టర్ కొనే ముందు తేల్చుకోండి

మా చెల్లి ఉంగరం సూర్యలంక బీచ్‌లో పోయింది. గుంటూరులో తెలిసినవాళ్ల డిటెక్టర్ అడిగి పట్టుకెళ్లాను. పొడి ఇసుకలో బాగానే పనిచేసింది. అలలు తాకే చోటికి దిగానో లేదో, కాయిల్ (కర్ర చివర ఉండే గుండ్రటి పళ్లెం) ఎటు తిప్పినా బీప్, బీప్. తవ్వితే ఏమీ లేదు. చీకటి పడేదాకా వెతికినా ఉంగరం దొరకలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ మిషన్ చెడిపోలేదు. అది సింగిల్ ఫ్రీక్వెన్సీది, అంటే నేలలోకి ఒకే వేగంతో ఊగే సిగ్నల్ పంపుతుంది. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి తడి ఇసుక కూడా దానికి లోహంలాగే వినిపిస్తుంది. సెన్సిటివిటీ, అంటే సన్న సిగ్నల్‌ని కూడా పట్టే శక్తి, తగ్గిస్తే మోత ఆగుతుంది, కానీ లోతు కూడా తగ్గిపోతుంది. మల్టీ ఫ్రీక్వెన్సీ మిషన్ ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపి, వాటి జవాబుల్లో తేడా చూసి ఉప్పు సిగ్నల్‌ని పక్కన పెడుతుంది. సముద్రం కోసమైతే ఇదే కొనండి, ఆలోచించొద్దు.

పొలంలో ట్రాక్టర్ గొర్రు నుంచి ఊడిన బోల్టు కోసం మాత్రం అంత ఖర్చు వద్దు. గ్యారెట్ ఏస్ 250 అనే మిషన్ ఒక్క 6.5 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మీదే నడుస్తుంది, ఆ పనికి చాలు. చెవిదిద్దు శీల లాంటి సన్న బంగారానికి ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీ కావాలి. అన్నట్టు, అమరావతి స్తూపం లాంటి రక్షిత స్థలాల్లో మిషన్ బయటికి తీయకండి. ఎక్కడైనా నేలలో నిధి దొరికి, విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది.

పెట్టె మీద ‘మల్టీ’ అని చూసి తొందరపడొద్దు. కొన్నింటిలో ఫ్రీక్వెన్సీలు చాలా ఉన్నా, ఒకసారికి ఒక్కటే పనిచేస్తుంది. “అన్నీ ఒకేసారి పంపుతుందా?” అని గట్టిగా అడగండి. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 అలా పంపుతుంది. కావాలంటే 5, 10, 15, 20, 40 కిలోహెర్ట్జ్‌లలో ఏదో ఒక్కదాని మీదా నడుస్తుంది.

షాపు లోపల పరీక్షించకండి, శ్లాబులో ఊచలుంటాయి. బయట మట్టి నేల మీద ప్లాస్టిక్ టబ్బు పెట్టి, ఇసుక, రెండు గుప్పిళ్ల కల్లుప్పు, నీళ్లు కలపండి. ముందు ఉత్త ఇసుక మీద కాయిల్ ఆడించండి, మిషన్ నోరెత్తకూడదు. తర్వాత నాలుగు వేళ్ల లోతున బంగారు ఉంగరం పెట్టండి. పక్కనే ఒక తుప్పు మేకు గుచ్చి మళ్లీ ఆడించండి. అప్పుడు కూడా ఉంగరం మోత వేరుగా వినిపిస్తేనే డబ్బులు తీయండి.