ట్రాక్టరు తొట్టి బ్రేకు లైట్లకు ఏ సైజు వైరు వేయాలి?

చలికాలం తెల్లవారుజామున రాజాం, పాలకొండ రోడ్ల మీద చెరకు తోలే ట్రాక్టర్ల వెనుక వచ్చేవారికి, ముందున్న తొట్టి ఆగుతున్నదని తెలిపేవి ఆ రెండు ఎర్ర లైట్లే. నా దగ్గరకు వచ్చే తొట్లలో చాలావాటికి బల్బులూ బ్యాటరీ బాగానే ఉంటాయి, వైరు మాత్రం కాలింగ్ బెల్లుకు వేసేంత సన్నగా ఉంటుంది. బ్రేకు తొక్కితే బల్బులోని తీగ తెల్లగా వెలగవలసింది పోయి ఆరిపోతున్న నిప్పుకణికలా కనిపిస్తుంది.

కావలసినవి రాగి వైరు, ట్రాక్టరు వైర్లను తొట్టి వైర్లకు కలిపే ఏడు పిన్నుల సాకెట్టు, వైరు కొనలకు బిగించే లగ్గులు, వాటిని నొక్కే ప్లయరు, 10 ఆంపియర్ల ఫ్యూజు, మల్టీమీటరు. వైరులో సన్నని తీగలు ఎన్నో ఉండాలి. ఒకే తీగ ఉన్నది తొట్టి అదురుకు విరిగిపోతుంది. అల్యూమినియం వైరు ముట్టుకోవద్దు.

ముందుగా కరెంటు లెక్క చూడండి. బ్రేకు బల్బులు రెండు, ఒక్కొక్కటి 21 వాట్లు. 42ను 12 వోల్టులతో భాగిస్తే 3.5 ఆంపియర్లు. తరువాత బ్యాటరీ నుంచి తొట్టి వెనుక బల్బు దాకా వైరు నడిచే దారి వెంబడే టేపు పట్టి కొలవండి. అది 8 మీటర్లు అనుకుందాం.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. కొట్టులో "ఈ వైరు పది ఆంపియర్లు మోస్తుంది" అని చెప్పేది వైరు వేడెక్కదని మాత్రమే, చివరన వోల్టేజీ ఎంత మిగులుతుందో ఆ మాట చెప్పదు. ఇంట్లో 230 వోల్టులలో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12లో ఒకటి పోతే పన్నెండో వంతు పోయినట్టే. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుకు మీటరుకు సుమారు 0.02 ఓములు నిరోధం ఉంటుంది కనుక, 0.02ను మీటర్లతోనూ ఆంపియర్లతోనూ గుణించి, చదరపు మిల్లీమీటర్లలో వైరు సైజుతో భాగిస్తే పోయే వోల్టులు వస్తాయి.

ఈ లెక్క ఒక్కసారి కాదు, రెండుసార్లు వేయాలి. వెళ్ళిన కరెంటు ఎర్తు వైరు మీదుగా బ్యాటరీ నెగెటివుకు తిరిగి రావాలి. పైగా ఆ ఒక్క వైరులోనే బ్రేకు బల్బులు 42, టెయిలు బల్బులు 10, ఒక వైపు ఇండికేటరు 21 వాట్ల కరెంటూ, అంటే మొత్తం 73 వాట్లకు దాదాపు 6 ఆంపియర్లు, కలిసి వస్తుంది. రెండు వైపులా 0.5 సైజు వేస్తే బ్రేకు వైరులో 1.1, ఎర్తులో 1.9, మొత్తం దాదాపు 3 వోల్టులు దారిలోనే పోతాయి. బల్బు వెలుగు సగం కంటే తగ్గిపోతుంది. బ్రేకుకు 2.5, ఎర్తుకు 4 వేస్తే పోయేది అర వోల్టు లోపే. నేను ఇంతకు తక్కువ వేయను, మీరూ వేయకూడదు.

ఎర్తు వైరు మానేసి, తొట్టిని ట్రాక్టరుకు తగిలించే హుక్కు పిన్నునే ఎర్తుగా నమ్ముకునేవారు ఎందరో ఉన్నారు. ఆ పిన్ను చుట్టూ గ్రీజు, దుమ్ము, తుప్పు ఉంటాయి. పూసపాటిరేగ, కవిటి వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల తుప్పు మరీ త్వరగా పడుతుంది. బ్రేకు తొక్కగానే ఇండికేటరు కూడా మసకగా వెలిగిందంటే, దారి దొరకని కరెంటు వేరే బల్బుల గుండా తిరుగుతోందని అర్థం. ఎల్‌ఈడీ లైట్లు పెట్టినా ఎర్తు లేకుండా కుదరదు.

మిగిలిన పని తేలిక. ప్రామాణిక సాకెట్టులో 3వ పిన్ను ఎర్తుకు, 6వది బ్రేకుకు. వైరు రంగును కాక అంకెను చూసి బిగించండి. లావు వైరు పట్టలేదని తీగలు కత్తిరించకండి, పట్టే సాకెట్టునే కొనండి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి.

చివరగా అన్ని లైట్లూ వేసి, ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమని, మీటరు ఒక కొనను బ్యాటరీ నెగెటివుకు, రెండో కొనను పొడవైన వైరుతో బల్బు హోల్డరు ఎర్తుకు ఆనించండి. పావు వోల్టుకు మించి చూపితే ఎర్తు లగ్గులన్నీ విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, మళ్ళీ బిగించండి.