వరదల రోజుల్లో పేగు ఆపరేషన్: కుట్లకు చీము పట్టకుండా జాగ్రత్తలు

పేగు కోసి కుట్టే ఆపరేషన్లలో గాయానికి చీము పట్టే ప్రమాదం మిగతా చాలా ఆపరేషన్ల కంటే ఎక్కువ. దానికి బయటి దుమ్ము కంటే పేగులోనే కాపురముండే ఈ.కోలై లాంటి సూక్ష్మజీవులే ముఖ్య కారణం. అవి ఆపరేషన్ బల్ల మీదే కోత అంచులకు అంటుకున్నా, చీము ఎక్కువగా ఐదో రోజుకూ పదో రోజుకూ మధ్య బయటపడుతుంది. అప్పటికి చాలామంది డిశ్చార్జి అయి ఇల్లు చేరుకుంటారు. కోనసీమ లంకల్లో జూలై నుంచి సెప్టెంబరు దాకా కాజ్‌వేలు ఎప్పుడు మునుగుతాయో తెలియదు. అందుకే కుట్లు విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, రేవు దాటక్కర్లేని చుట్టాలింట్లో ఉండేలా ముందే మాట్లాడి పెట్టుకోండి.

అర్జెంటు ఆపరేషన్ కాకపోతే నాలుగు వారాల ముందే చుట్ట, బీడీ మానాలి. లంక పొగాకుకి అలవాటుపడ్డ ప్రాణానికి ఇది చెప్పినంత తేలిక కాదు. కానీ పొగ వల్ల చర్మానికి రక్తం సరిగా అందదు, కుట్లు అతుక్కోవు. షుగరున్నవాళ్ళకి ఆపరేషన్ ముందూ తర్వాతా రక్తంలో చక్కెర 180 (mg/dL) దాటకుండా చూడమని డాక్టరుని అడగండి. పొట్ట మీద వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయొద్దు, కంటికి కనపడని గాట్లలో సూక్ష్మజీవులు చేరతాయి. అవసరమైతే ఆసుపత్రిలోనే క్లిప్పరుతో తీస్తారు. ముందురోజు సబ్బుతో ఒళ్ళంతా స్నానం చేసి, బొడ్డులో పేరుకున్న మట్టిని నానబెట్టి శుభ్రం చేసుకోవాలి. కోత చాలాసార్లు బొడ్డు పక్క నుంచే వెళ్తుంది.

చీము పట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ కోతకు ముందు గంటలోపు పడాలి. ఆపరేషన్లో కొత్త ఇబ్బంది ఏదీ లేకపోతే ఒక్కరోజు దాటి దాన్ని సాగదీయడం వల్ల లాభం లేదు. "ఇంకో నాలుగు రోజులు ఎక్కించండి" అని పట్టుబట్టకండి.

కట్టు పొడిగా ఉంటే 48 గంటలు కదపొద్దు. ఆ తర్వాత డాక్టరు సరేనంటే చెంబుతో పోసుకుని, ఉతికిన నూలు తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. కాలవ, చెరువు, గోదావరి స్నానాలు గాయం పూర్తిగా మానేదాకా బంద్. ముసురులో బట్టలు ఆరక ముక్కవాసన వస్తుంటాయి కదా, గాయం దగ్గర వాడే గుడ్డల్ని ఇస్త్రీ చేసి ఆరబెట్టుకోండి. పొట్ట మడతలో చెమట పట్టినా, బెల్టు తడిసినా వెంటనే మార్చాలి. పసుపు, కాఫీపొడి, నూరిన బిళ్ళలు గాయంలో చల్లొద్దు. పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి గాయం పక్కన మలం సంచి తగిలించి ఉంటే మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి. నిండుగా వదిలేస్తే బరువుకి అంచు ఊడి మలం నేరుగా కుట్ల మీదికి కారుతుంది.

పప్పు తింటే చీము పడుతుందన్న పథ్యం మన దగ్గర గట్టిది. నిజానికి గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. డాక్టరు తినొచ్చన్నాక గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన పప్పు పెట్టండి. పీచు ఎక్కువున్నవి మాత్రం ఆయన చెప్పేదాకా ఆపండి.

రోజూ ఒకే వెలుతురులో కుట్లని ఫోను ఫొటో తీసి, ఎరుపు ఉంటే దాని అంచు వెంట పెన్నుతో గీత గీయండి. ఎరుపు గీత దాటినా, తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగినా, చెడువాసన వచ్చినా, జ్వరం 100.4 దాటినా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళాలి. పారాసెటమాల్ వేసేముందే జ్వరం చూసి రాయండి, లేకపోతే మాత్ర దాన్ని కప్పేస్తుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ మార్చి చూద్దామంటే ఒప్పుకోవద్దు. లోపల చీము నిలిచిందంటే డాక్టరు కుట్లు కొన్ని విప్పి బయటికి వదలాల్సిందే, బిళ్ళలతో ఆరదు. మందు మార్చేముందు చీముని కల్చర్‌కి (ఏ సూక్ష్మజీవి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్షకి) పంపమని అడగండి.

వీటికంటే తీవ్రమైనవి రెండున్నాయి. పొట్ట ఉబ్బి, వాంతులై, నాడి వేగంగా కొట్టుకున్నా, గాయంలోంచి మలంలాంటి ద్రవం వచ్చినా పేగు కుట్టు లీకైందని అనుమానించాలి. రెండోది, గాయం నుంచి ఒక్కసారిగా గులాబిరంగు నీరు కారడం. అది లోపలి పొరల కుట్లు తెగుతున్నాయనడానికి గుర్తు. పేగు బయటికి కనపడితే లోపలికి నెట్టకండి. సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయండి. ఈ రెండింట్లో ఏదైనా సరే, మంచినీళ్ళు కూడా పట్టొద్దు, మళ్ళీ ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి వస్తుంది.