చిన్న ఫ్యూయల్ గేజ్ చిప్‌తో పెద్ద బ్యాటరీని లెక్కించడం ఎలా?

బ్యాటరీలో ఎంత ఛార్జ్ మిగిలిందో చెప్పే ఫ్యూయల్ గేజ్ చిప్‌లలో చాలావాటికి సామర్థ్యాన్ని మిల్లీ ఆంపియర్-అవర్లలో, 16 బిట్ల సంఖ్యగా ఇవ్వాలి. ధన, రుణ విలువలు రెండూ పట్టేలా ఆ సంఖ్యను అమర్చినచోట గరిష్ఠ విలువ 32,767. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి 1,00,000 అని రాయాలంటే అందులో చోటు చాలదు. అయితే చిప్ నిజంగా చూసేది షంట్ రెసిస్టర్ (కరెంటును కొలవడానికి దాని దారిలో పెట్టే అతి చిన్న నిరోధం) రెండు కొసల మధ్య ఏర్పడే కొద్ది మిల్లీవోల్టులనే కాబట్టి, కరెంటునూ సామర్థ్యాన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గించి చెబితే దాని లెక్క ఎక్కడా తప్పదు.

ముందుగా ఆ నిష్పత్తిని నిర్ణయించుకోవాలి. నాలుగో వంతు చేస్తే సామర్థ్యం 25,000 అవుతుంది, సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ 12.8 వోల్టుల బ్యాటరీలో నిల్వ ఉండే 1,280 వాట్-అవర్లలో నాలుగో వంతు 320. చిప్ శక్తిని 10 మిల్లీవాట్-అవర్ల యూనిట్లలో తీసుకుంటే అది 32,000, అంటే అంచు దాకా వచ్చేసినట్టే. కొత్త బ్యాటరీ చెప్పినదానికంటే ఐదు శాతం ఎక్కువ ఇచ్చినా ఆ సంఖ్య పొంగిపోతుంది. అందుకే ఐదో వంతు తీసుకోవడం మేలు: సామర్థ్యం 20,000, శక్తి 25,600.

షంట్‌ను అసలు కరెంటుకు తగ్గట్టే ఎంచుకోవాలి. 0.5 మిల్లీ ఓమ్ షంట్‌లో 100 ఆంపియర్లు పారితే 50 మిల్లీవోల్టులు వస్తాయి, 5 వాట్ల వేడి పుడుతుంది. ఆ వోల్టేజీ చిప్ కొలవగల హద్దులో ఉందో లేదో డేటాషీట్‌లో చూసుకుని, కొలత తీగలను షంట్ కొసల నుంచే విడిగా తీసుకోవాలి.

తరువాతిది కాలిబ్రేషన్, అంటే చిప్ కొలతను తెలిసిన విలువతో సరిచూసి అమర్చడం. కరెంటు ఏమీ లేనప్పుడు సున్నాను సరిచేసి, ఆపై నమ్మకమైన మీటరుతో చూస్తూ నిలకడగా 20 ఆంపియర్ల లోడ్ పెట్టి, చిప్‌కు మాత్రం 4,000 మిల్లీ ఆంపియర్లని చెప్పాలి. చాలామంది తడబడేది ఇక్కడే. సామర్థ్యాన్ని తగ్గించి కాలిబ్రేషన్‌ను అలాగే వదిలేస్తే, ఐదు గంటలు రావలసిన బ్యాటరీ 20 ఆంపియర్ల లోడ్‌తో ఒక్క గంటలోనే ఖాళీ అయినట్టు చిప్ చూపిస్తుంది.

కరెంటుతో ముడిపడిన ప్రతి విలువకూ ఇదే నిష్పత్తి వర్తిస్తుంది. ఛార్జింగ్ 5 ఆంపియర్ల దగ్గర ముగియాలంటే 1,000 అని రాయాలి. ఛార్జింగ్, డిశ్చార్జింగ్ మొదలైనట్టు గుర్తించే హద్దులూ అంతే. వోల్టేజీ, ఉష్ణోగ్రత, శాతం, మిగిలిన సమయం మారవు. చిప్ నేర్చుకునే అంతర్గత నిరోధం మాత్రం ఐదు రెట్లు కనిపిస్తుంది. కరెంటును ఐదో వంతుగా చూస్తోంది కనుక అది సహజమే.

అప్పుడు చిప్ బ్యాటరీ తీరును నేర్చుకునే లెర్నింగ్ సైకిల్ నడపాలి: పూర్తిగా ఛార్జ్ చేసి, వోల్టేజీ నిలకడపడేదాకా బ్యాటరీని ఛార్జింగ్, లోడ్ ఏవీ లేకుండా ఉంచి, చివరిదాకా డిశ్చార్జ్ చేసి మళ్లీ విశ్రాంతినివ్వాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌లో మధ్య భాగంలో వోల్టేజీ దాదాపు మారదు కాబట్టి, సగంలో ఆపిన సైకిల్ ఎందుకూ పనికిరాదు.

ఒక నష్టాన్ని ఒప్పుకోవాలి. చిప్‌లోని 1 మిల్లీ ఆంపియర్ ఇప్పుడు నిజానికి 5 మిల్లీ ఆంపియర్లు. పరికరం ఊరికే ఉన్నప్పుడు లాగే చిన్న కరెంటు లెక్కలోకి రాకుండా పోవచ్చు. అలాగే, ఓవర్‌కరెంట్ రక్షణను ఈ చిప్‌కు అప్పగించకుండా, నిజమైన ఆంపియర్లను చూసే వేరే రక్షణ సర్క్యూట్‌కే వదలాలి.

చిప్ నుంచి చదివిన కరెంటునూ సామర్థ్యాన్నీ ఐదుతో గుణించే పనిని ప్రోగ్రాములో ఒకే ఒక్కచోట ఉంచండి. నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీపై 20 ఆంపియర్ల లోడ్‌ను సరిగ్గా ఒక గంట నడిపి చూడండి: చిప్‌లో సుమారు 4,000 తగ్గాలి, తెరపై 20 ఆంపియర్-అవర్లు తగ్గాలి, శాతం 80 దగ్గరికి రావాలి.