ఘాట్‌లో చిన్న కారు లాగడం లేదా? ముందు గాలి దారి చూడండి

రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వెళ్లేవాళ్లూ, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేవాళ్లూ చిన్న కార్ల గురించి చెప్పేది ఒకటే: "థర్డ్‌లో ఎక్కాల్సిన చోట సెకండ్ అడుగుతోంది." వెంటనే ఒకరు కంపెనీ బాక్సు తీసేసి బానెట్ కింద నేరుగా బిగించే కోన్ ఫిల్టర్ వేయించమంటారు, ఇంకొకరు ఫిల్టర్ బాక్సుకి కన్నాలు పెట్టమంటారు. జేబులోంచి డబ్బు తీసే ముందు గాలి బంపర్ దగ్గర నుంచి ఇంజన్ దాకా ఎలా వస్తోందో చూసుకోండి. 800, 1000 సీసీ బళ్లలో కంపెనీ ఇచ్చిన దారి సవ్యంగా ఉంటే, దాని మీద అదనంగా సంపాదించేది చాలా కొంచెం. ఆ దారి పాడైతే పోగొట్టుకునేది మాత్రం ఎక్కువే.

రాయగడలో బాగానే ఉంది, కొరాపుట్ చేరేసరికి నీరసం

ఇది జబ్బు కాదు, ఎత్తు. కొరాపుట్ ఊరు సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి మైదానంలో కంటే ఎనిమిది శాతం దాకా పలచన. గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేని ఇంజన్ బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. 800 సీసీ ఆల్టో ఇచ్చే 48 హార్స్‌పవర్‌లో నాలుగు అక్కడే పోయాయన్నమాట. దీనికి ఏ ఫిల్టరూ మందు కాదు. మలుపుకి ముందే గేరు తగ్గించండి, నిట్టనిలువు చోట ఏసీ కట్టేయండి.

అదే నీరసం రాయగడ బజార్ రోడ్డులోనూ ఉంటే, అప్పుడు బండిలో వెతకాలి.

ఎక్కడైనా పికప్ లేదు, ముఖ్యంగా ఫుల్ రేజ్‌లో

మొదటి అనుమానం ఎయిర్ ఫిల్టర్ మీదే, అందులో తప్పు లేదు. టికిరి వైపు లారీల రోడ్లు, క్రషర్ల పొడి, నూర్పుల రోజుల్లో ఊక, ఇవన్నీ ఆ కాగితం మడతల్లోకే చేరతాయి. 1000 సీసీ ఇంజన్ 4000 ఆర్‌పీఎం దగ్గర ఫుల్ రేజ్‌లో నిమిషానికి పదహారు వందల లీటర్లకు పైగా గాలి మింగుతుంది. దుమ్ము రోడ్డు మీద ఆ గాలితో పాటు ఎంత మట్టి వస్తుందో ఊహించుకోండి.

ఇక్కడ ఒక అపోహ ఉంది. ఫిల్టర్ మూసుకుపోతే మైలేజ్ పడిపోతుందని అందరూ అంటారు. కార్బురేటర్ బళ్ల రోజుల్లో అది నిజం. ఇంజెక్షన్ బళ్లలో తక్కువ గాలి వస్తే కంప్యూటర్ పెట్రోలూ తగ్గిస్తుంది. కాబట్టి ముందు దెబ్బ తగిలేది పికప్‌కే. మైలేజ్ బాగుందని ఫిల్టర్ జోలికి వెళ్లని వాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

ఫిల్టర్ చూడ్డానికి నల్లగా ఉందా, ఎర్రగా ఉందా అన్నది పెద్ద లెక్క కాదు. కొంచెం దుమ్ము పట్టిన కాగితం కొత్త కాగితం కంటే బాగా వడకడుతుంది కూడా. నిజంగా అడ్డం పడుతోందో లేదో కొలిచి తెలుసుకోవచ్చు. దానికి కావాల్సింది తాపీ మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన సన్న పైపు, ఒక పొడుగు చెక్క, ఒక టేపు. పైపుని చెక్క మీద 'యు' ఆకారంలో బిగించి సగానికి రంగు నీళ్లు పోయండి. రెండు వైపులా మీటరు ఎత్తు ఉండాలి, లేకపోతే నీళ్లు ఇంజన్‌లోకి పోయే ప్రమాదం ఉంది. ఒక చివర వదిలేయండి. రెండో చివరని ఫిల్టర్‌కీ థ్రాటిల్ బాడీకీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు ఉండే భాగం) మధ్య ప్లాస్టిక్ గొట్టంలో చిన్న కన్నం చేసి దూర్చండి. గొట్టం విప్పి పక్కన పెట్టుకుని కన్నం చేయండి, ప్లాస్టిక్ తురుము లోపల మిగలకూడదు. పని అయ్యాక రబ్బరు బిరడాతో గట్టిగా మూసేయాలి. చెక్క పట్టుకోవడానికి పక్క సీట్లో ఒకరు ఉండాలి, అద్దాలు దించి ఉంచాలి. ఖాళీ రోడ్డు మీద సెకండ్ గేరులో ఫుల్ రేజ్ ఇస్తే రెండు వైపులా నీళ్ల మట్టాల్లో తేడా కనిపిస్తుంది. మూడు సిలిండర్ల ఇంజన్ కుదుపుకి నీళ్లు గంతులేస్తాయి. పైపులో చిటికెడు స్పాంజి పెడితే నిలకడగా ఉంటాయి.

లెక్క సులువు. వాతావరణ పీడనం సుమారు పది మీటర్ల నీటి ఎత్తుతో సమానం. కాబట్టి ప్రతి 10 సెంటీమీటర్ల తేడాకీ సుమారు ఒక శాతం గాలి పోయినట్టు. 48 హార్స్‌పవర్ బండిలో ఒక శాతం అంటే అర హార్స్‌పవర్. తేడా 20 సెంటీమీటర్లే వచ్చిందనుకోండి, ఫిల్టరూ బాక్సూ మొత్తం పీకి అవతల పడేసినా మీకు వచ్చేది ఒక హార్స్‌పవర్. కోన్ ఫిల్టర్ అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

తేడా బాగా ఎక్కువగా వస్తే, పైపు చివరని ఫిల్టర్‌కి ముందు, అంటే బాక్సు కింది భాగంలో పెట్టి మళ్లీ చూడండి. అక్కడా దాదాపు అంతే వస్తే తప్పు ఫిల్టర్‌ది కాదు, ముందున్న ముక్కు గొట్టానిది, అంటే బయటి గాలిని బాక్సులోకి తెచ్చే గొట్టానిది. ఎండుటాకులు, బంపర్ పనిలో నలిగిన గొట్టం, అన్నిటికంటే ఎక్కువగా ఎలుకలు. వడ్లు ఆరబోసిన కళ్లం పక్కన నాలుగు రోజులు ఆగిన కారు బాక్సు విప్పితే దోసెడు వడ్లు రాలడం మన వైపు వింతేమీ కాదు. గొట్టం విప్పి శుభ్రం చేయండి. నోటికి ఒక వరస పెద్ద కన్నాల ఇనుప జాలీ చాలు. దోమతెర లాంటి సన్న జాలీ పెడితే అదే అడ్డం అవుతుంది.

తేడా ఫిల్టర్ దగ్గరే ఉంటే కొత్తది వేయండి. "గాలి కొట్టేశాం సార్, కొత్తదాన్లా ఉంది" అనే మాట నమ్మొద్దు. టైర్లకు వాడే కంప్రెసర్ గాలిని దగ్గర నుంచి కొడితే కాగితం చిల్లులు పడుతుంది. చీకట్లో ఫిల్టర్ వెనక సెల్ టార్చి పెట్టండి, సూదిమొనంత వెలుగు నేరుగా కనిపించినా పారేయండి. ఆ చిల్లులోంచి వెళ్లిన మట్టి రింగుల్ని అరగదీస్తుంది, తర్వాత ఆయిల్ తాగడం మొదలవుతుంది. మాన్యువల్‌లో దుమ్ము రోడ్లకు వేరే గడువు రాసి ఉంటుంది. మనకు వర్తించేది అదే.

కోన్ ఫిల్టర్ వేశాక శబ్దం పెరిగింది, మధ్యాహ్నం బలం తగ్గింది

బానెట్ కింద వేడి గాలి పీలుస్తోంది. గాలి మూడు డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక శాతం పలచనవుతుంది. బయటి కంటే ముప్పై డిగ్రీలు ఎక్కువైతే పది శాతం దాకా పోయినట్టే, అంటే ఇందాక చెప్పిన కొరాపుట్ ఎత్తు నష్టం కంటే ఎక్కువ. బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే స్కానర్ ఉంటే బండి కదులుతుండగా లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రత చూడండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పటి అంకె పట్టించుకోవద్దు. పాత బాక్సు తిరిగి బిగించి, దాని ముక్కు బయటి చల్లగాలి వైపే ఉందో లేదో చూడండి. సర్వీసులో ఊడిన ముక్కు గొట్టం తిరిగి తగిలించకపోవడం వల్ల కూడా ఇదే లక్షణం వస్తుంది.

స్లో రన్నింగ్ ఎక్కువ తక్కువ అవుతోంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది

ఆగిపోతుంటే థ్రాటిల్ బాడీ అంచున మసి. దాని కోసం అమ్మే స్ప్రేనే మెత్తటి గుడ్డ మీద కొట్టి తుడవండి. కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా రేకుని వేలితో తోయొద్దు. తుడిచాక ఐడిల్ (స్లో రన్నింగ్) ఎంత ఉండాలో కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించాల్సి రావచ్చు.

స్లో రన్నింగ్ ఎక్కువగా నిలిచిపోయి 'స్‌స్' అని చప్పుడొస్తే థ్రాటిల్ తర్వాత ఎక్కడో దొంగగాలి పోతోంది: పగిలిన వాక్యూమ్ గొట్టమో, గట్టిపడిన రబ్బరో. వేడెక్కిన ఇంజన్ ఏసీ లేకుండా ఐడిల్‌లో ఉన్నప్పుడు థ్రాటిల్ తర్వాత గాలి పీడనం కొలిచే మ్యాప్ సెన్సర్ స్కానర్‌లో సాధారణంగా 30–40 కిలోపాస్కల్స్ చూపుతుంది. బాగా పైన ఉంటే గొట్టాలన్నీ వంచి చూడండి.

అన్నీ బాగున్నాయి, అయినా లాగడం లేదు

సైలెన్సర్ వైపు చూడండి. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోతే పొగను బయటకు పోనివ్వదు, అది పోకపోతే కొత్త గాలికి లోపల చోటుండదు. క్లచ్ జారుతోందేమో, బ్రేకు పట్టేసిందేమో అదీ చూసుకోండి.

కాజ్‌వే మీద నీళ్లలో బండి ఆగిపోయింది

నాగావళి, వంశధార పొంగే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. చల్లగాలి కోసం ముక్కు గొట్టాన్ని బంపర్ కిందకు దించిన బళ్లకు మరీ ప్రమాదం. గాలి కుదించుకుపోతుంది, నీళ్లు కుదించుకుపోవు. అందుకే సిలిండర్లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే పిస్టన్‌ని తిప్పే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. తోసైనా లాగైనా గట్టుకి చేర్చి బాక్సు విప్పండి. ఫిల్టర్ తడిసి ఉంటే ప్లగ్గులన్నీ తీసి ఇంజన్‌ని చేత్తో తిప్పి నీళ్లు బయటకు పోనివ్వాలి. ఆయిల్ పాలు కలిసిన రంగులో ఉంటే అదీ మార్చి, ఫిల్టర్ కొత్తది వేశాకే స్టార్ట్ చేయాలి. డీజిల్ బండైతే ఈ పని గట్టు మీద పెట్టుకోకుండా షెడ్డుకి లాగించేయండి.